‘ఇన్ఫార్మ్‌డ్ టు డ్యూటీ డాక్టర్’: ఎన్‌పీసీసీ సీటు కోసం నా రెండేళ్లు

ఐసీయూలో నర్సులు రాసే చార్టు ఏది తీసినా పేజీకి ఒకసారైనా ఈ ముక్క కనిపిస్తుంది: ‘ఇన్ఫార్మ్‌డ్ టు డ్యూటీ డాక్టర్’. బీపీ పడిపోతే అదే రాస్తాం, యూరిన్ తగ్గితే అదే, అర్ధరాత్రి పేషెంటు తలాతోకా లేకుండా మాట్లాడితే అదే. నేనూ మూడేళ్లు అదే రాశాను. ఆ ముక్క చార్టులో ఉన్నంతసేపు బాగానే ఉంది. ఇంటర్వ్యూలో నోట్లోంచి వచ్చింది చూడండి, అక్కడే ఒక ఏడాది పోయింది.

మాది దేవరకద్ర దగ్గర పల్లె. నాయిన పూనాలో మేస్త్రీ పనికి పోయి వస్తుండేవాడు. పాలమూరు వాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటర్ బైపీసీ మార్కులతో 2016లో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. ఫైనలియర్ కరోనాలో నలిగిపోయింది. 2021 మేలో, సెకండ్ వేవ్ నడుస్తుండగా, మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరాను. చేరిన రోజే పీపీఈ కిట్టు చేతికిచ్చి, ‘ఆ మూడు బెడ్లు నీవి’ అన్నారు. ట్రైనింగ్ అంటే అదే.

నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (ఎన్‌పీసీసీ) అని ఒక పీజీ కోర్సు ఉందని మా ఆసుపత్రికి వచ్చిన ఒక అనస్థీషియా డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన రెండేళ్ల రెసిడెన్సీ ఇది. క్లాసు 20 శాతం, మిగతా 80 శాతం ఐసీయూలోనే. ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే మన దగ్గర చాలామంది చివరికి కాలేజీలో పాఠాలు చెప్పడానికి పోతారు. తప్పేం లేదు, నాకు మాత్రం బెడ్ పక్కనే ఉండాలని ఉంది. వెంటిలేటర్ సెట్టింగులు మార్చడం, ప్రోటోకాల్ ప్రకారం మందు పెంచడం, తగ్గించడం – ఇవి రాత్రి రెండింటికి భయపడుతూ కాకుండా, నేర్చుకుని, బాధ్యత తీసుకుని చేయాలి. ఇంట్లో చెబితే అమ్మ ఒకటే అడిగింది: “ఇంత సదివినంక గూడ మల్ల నర్సువేనా బిడ్డా?” అవునంటే, “మరి రెండేండ్లు ఎందుకు?” దానికి నా దగ్గర అప్పుడు సరైన జవాబు లేదు.

నేను అప్లై చేసింది బెంగళూరులో ఒక కాలేజీకి. పేరు రాయను. సీట్లు పట్టుమని పది లేవు. కేరళ నుంచి, తమిళనాడు నుంచి, ఈశాన్యం నుంచి వస్తారు. బీఎస్సీలో 55 శాతం, స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కనీసం ఒక ఏడాది డ్యూటీ అనుభవం. ఐసీయూ అయితే మరీ మంచిది. ఇవన్నీ నా దగ్గర ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లే లేవు.

ప్రైవేటులో చేసేవాళ్లకు ఈ కథ తెలుసు. చేరేటప్పుడు రెండేళ్ల బాండు రాయించుకుని, టెన్త్ మెమో నుంచి రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ అన్నీ ఒక కవర్లో పెట్టి బీరువాలో వేస్తారు. అట్లా ఉంచుకోవద్దని ఎవరు చెప్పినా బీరువా తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇంటర్వ్యూకి ఒరిజినల్స్ తేవాలని లెటర్ వచ్చినప్పుడు హెచ్‌ఆర్ గది ముందు మూడు రోజులు నిలబడ్డాను. ‘నాలుగు రోజుల్లో తిరిగి ఇస్తాను’ అని తెల్ల కాగితం మీద రాసిచ్చి, తోటి సిస్టర్ పూచీకత్తు సంతకం పెడితే ఇచ్చారు. నా సర్టిఫికెట్లకు నాకే అప్పు ఇచ్చినట్టు.

ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇంకో బాగోతం. మొదటిసారి ఇచ్చినదాంట్లో నా ఇంటి పేరు తప్పు, రెండోసారి చేరిన తేదీ తప్పు. మూడోసారి అన్నీ సరిగ్గా ఉన్నాయి కానీ ‘ఐసీయూ’ అన్న మాటే లేదు, ఉత్త ‘స్టాఫ్ నర్స్’ అని ఉంది. ఈ కోర్సుకు అప్లై చేసేవాళ్లు ఆ ఒక్క మాట ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. రికమెండేషన్ లెటర్లు ఇద్దరి దగ్గర తీసుకున్నాను. ఆ అనస్థీషియా సార్, మా ఇన్‌చార్జ్ అక్క. అక్క రాసింది ఐదు లైన్లే. అందులో ‘చెప్పకముందే చూస్తుంది’ అని ఒకటుంది. సీల్ వేసిన కవర్లో ఇవ్వాల్సింది, నాకు చూపించి మరీ అంటించింది.

ఈ కోర్సు ఎందుకు చేయాలనుకుంటున్నామో రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో మొదట ఫ్లోరెన్స్ నైటింగేల్ దీపం పట్టుకుని వచ్చింది. చిన్నప్పటి నుంచీ సేవ చేయాలనే తపన కూడా వచ్చింది. అసలు చిన్నప్పుడు నేను బస్సు కండక్టర్ కావాలనుకున్నాను, టికెట్ మిషన్ కోసం. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇంకొకామె రాసుకున్నది చూస్తే ఆమెకూ అదే దీపం, అదే తపన. రెండు పేర్లు మార్చుకున్నా ఎవరికీ తేడా తెలియదు. అంతా కొట్టేసి, పత్తి సీజన్‌లో మా ఐసీయూ ఎట్లా ఉంటుందో రాశాను.

ఎందుకంటే మా దగ్గర జూలై నుంచి దీపావళి దాకా సగం బెడ్లు పురుగుల మందు కేసులే. పొలంలో కొట్టేటప్పుడు ఒంటికి పట్టినవాళ్లు కొందరు, తాగినవాళ్లు ఎక్కువ. తీసుకొచ్చినవాళ్లను మేం మొదట అడిగే మాట, “డబ్బా తెచ్చిండ్రా?” డబ్బా మీద మూలకు నిలబెట్టిన చదరంలో కింది సగానికి రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పేరు చదవలేకపోయినా, లేబుల్ తడిసి చిరిగినా, రంగు ముక్క దొరికితే కొంత తెలుస్తుంది. కొన్నిసార్లు డబ్బా బదులు వాసనే సాక్ష్యం.

2023లో మొదటిసారి పోయాను. జడ్చర్ల దగ్గర రాత్రి బస్సు ఎక్కితే 44వ నంబర్ హైవే మీద కర్నూలు, అనంతపురం దాటి తెల్లారేసరికి బెంగళూరు. చీరా, చుడీదారా అని మూడు రోజులు ఆలోచించి చీరే కట్టుకున్నాను. అక్కడికి పోతే సగం మంది చుడీదార్లలో ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

రాతపరీక్ష పర్వాలేదు. ఏబీజీ, అంటే ధమని రక్తంలో వాయువులు చూసే పరీక్ష రిపోర్టు, ఒకటి ఇచ్చారు: పీహెచ్ 7.27, కార్బన్ డయాక్సైడ్ 60, బైకార్బొనేట్ 27. శ్వాస సరిపోక కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పెరిగిన ఆసిడ్ అది. బైకార్బొనేట్ పెద్దగా పెరగలేదు కాబట్టి ఈమధ్యే మొదలైన తేడా. లెక్కల్లో ఒకటి గుర్తుంది: 50 ఎంఎల్‌లో 4 మిల్లీగ్రాముల నార్‌అడ్రినలిన్ (బీపీ పెంచే మందు), పేషెంటు బరువు 60 కిలోలు, కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము ఇవ్వాలి, పంపు ఎంత స్పీడులో పెట్టాలి? నిమిషానికి 6 మైక్రోగ్రాములు, గంటకు 360, అంటే 4.5 ఎంఎల్. మా వార్డులో ఈ లెక్క గోడకు అంటించిన చార్టు చూసి పెట్టేవాళ్లం. బస్సులో కూర్చుని వేళ్ల మీద వేసుకుంటూ పోయాను కాబట్టి బతికాను.

స్కిల్స్ టెస్టులో సక్షన్ స్టేషన్, అంటే ఊపిరి గొట్టంలోని కఫం లాగి తీయడం. గొంతులో ఊపిరి ట్యూబు వేసిన బొమ్మ. చేతులు కడిగి, గ్లౌజు వేసుకుని, ముందు ఆక్సిజన్ వంద శాతం ఇచ్చి, క్యాథెటర్ పెట్టి, 15 సెకన్లు దాటకుండా బయటికి తీయాలి. అంతా చేశాను. క్యాథెటర్ పెట్టేముందు అలవాటు కొద్దీ బొమ్మతో, “అన్నా, జర దగ్గొస్తది, ఓర్సుకో” అనేశాను. అనగానే చెవులు వేడెక్కాయి. ఎగ్జామినర్‌కు తెలుగు రాదనుకుంటా, తల కూడా ఎత్తకుండా ఏదో రాసుకుంది. స్పృహ లేని పేషెంటుకైనా చేసే పని చెప్పి చేయడానికి మార్కులున్నాయని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకు నిండుగా వచ్చిన మార్కులు బహుశా అవొక్కటే.

ఇక ఇంటర్వ్యూ. బల్లకు అటు ముగ్గురు. నర్సింగ్ కాలేజీ మేడం, ఒక ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ స్పెషలిస్టు డాక్టర్), ఐసీయూ సూపర్‌వైజర్. అంతా ఇంగ్లిష్. మీరు మరిచిపోలేని కేసు చెప్పండి అన్నారు. నేను రెడీగా ఉన్నాను.

ఆ కేసు ఇది. పురుగుల మందు పేషెంటు, ముప్ఫై ఏళ్లుంటాయి. మందు లోపలికి ఎట్లా పోయిందో, ఎందుకు పోయిందో ఇక్కడ రాయను. వచ్చినప్పుడు నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజలంత, ఒళ్లంతా చెమట. విరుగుడుగా ఇచ్చే ఆట్రోపిన్ మీద ఆట్రోపిన్ వేసి, ఛాతీలో గురగుర తగ్గి, చంకలు ఆరేదాకా తెచ్చాం. రెండో రోజుకు మాట్లాడాడు. మూడో రోజు పొద్దున ఐదింటికి మెత్త గలీబు మారుద్దామని, “అన్నా, జర తల లేపు” అన్నాను. నవ్వి, “లేస్తలేదు సిస్టరమ్మా” అన్నాడు. మానిటర్లో ఆక్సిజన్ 97, గుండె 92. చెయ్యి పట్టుకో అంటే గట్టిగానే పట్టాడు. కానీ తల మెత్త మీది నుంచి వేలెడు కూడా లేవలేదు.

అంతకు ముందు ఏడాది ఇట్లాగే మంచిగున్నాడనుకున్న ఒకాయన మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూ ఊపిరి తీసుకోవడం మానేశాడు. ఈ మందుల్లో ఒక గుణం ఉంది. మొదటి గండం దాటాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, మెడ కండరాలు, ఊపిరి కండరాలు పట్టు వదిలేస్తాయి. దానికి ఆట్రోపిన్ పని చేయదు. ముందుగా కనిపించేది మెడే. అందుకే నేను, “ఒక్క ఊపిరిలో ఎంతదాక లెక్క పెడతవో పెట్టు” అన్నాను. మామూలు మనిషి ముప్ఫై, నలభై దాకా పోతాడు. ఆయన తొమ్మిది దగ్గర ఆగి మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. పదిహేను నిమిషాలకు మళ్లీ పెట్టమంటే ఏడు.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. “సార్, ఏడో బెడ్ తల లేపుతలేడు.” వచ్చాడు, చూశాడు, ఏడు గంటలకల్లా ట్యూబు పడింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి, నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

బల్ల ముందు కూర్చుని నేను చెప్పింది మాత్రం ఇదీ: పేషెంటు తల లేపలేకపోయాడు, డ్యూటీ డాక్టర్‌కి ఇన్ఫార్మ్ చేశాను, సార్ ఇంట్యుబేట్ చేశారు, పేషెంటు డిశ్చార్జ్ అయ్యాడు. తొమ్మిది లేదు, ఏడు లేదు. అంతకు ముందు ఏడాది ఆయన లేడు. చార్టు చదివినట్టు చదివాను.

మేడం అడిగింది, ఫోన్ చేసే ముందు ఏం జరుగుతోందని అనుకున్నారు మీరు? డాక్టర్‌కి చెప్పాలనుకున్నాను అన్నాను. ఇంటెన్సివిస్ట్ ముందుకు వంగి, ఆక్సిజన్ 97 ఉంది కదా, ఊరికే అబ్జర్వ్ చేయండి అని డాక్టర్ ఫోన్ పెట్టేస్తే? అన్నాడు. అబ్జర్వ్ చేస్తాను సార్ అన్నాను. ఆయన వెనక్కి ఆనుకున్నాడు. కుర్చీ చప్పుడు ఇంకా గుర్తుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు, వినయంగా చెప్పాననే అనుకున్నాను. తిరుగు బస్సు కర్నూలు దాటుతుంటే తట్టింది, అబ్జర్వ్ చేస్తూ కూర్చుంటే ఆ మనిషి పోయేవాడు కదా అని. నేను అబ్జర్వ్ చేసేదాన్ని కూడా కాదు, పెద్ద సార్‌కి ఫోన్ చేసేదాన్ని. చేసే పని ఒకటి, చెప్పే మాట ఒకటి.

లిస్టులో నా పేరు లేదు. ఒరిజినల్స్ మళ్లీ బీరువాలోకి పోయాయి.

ఎస్‌బీఏఆర్ అని డాక్టర్‌కి కబురు చెప్పే పద్ధతి ఒకటి కాలేజీలో అందరికీ నేర్పుతారు. పరిస్థితి, వెనక కథ, నా అంచనా, నేను అడిగేది – నాలుగు ముక్కలు. అమెరికా నౌకాదళం సబ్‌మెరైన్లలో పుట్టిన పద్ధతట. నేను లెక్క చూసుకుంటే మొదటి రెండే చెప్పి ఊరుకునేదాన్ని. ఆ తర్వాతి రెండూ లోపలే ఉండిపోయేవి. ఇంగ్లిష్ రాక కాదు, ఫోన్లో తెలుగులో కూడా అంతే. ‘బీపీ 80 ఉంది సార్’ అని ఆగేదాన్ని, మిగతాది సార్ అనుకోవాలి.

యాప్రాన్ జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ కొన్నాను. డాక్టర్‌కి ఫోన్ చేసే ముందు, ఏమైందని నేను అనుకుంటున్నానో ఒక లైను రాయాలి. తర్వాత ఏం తేలిందో పక్కన రాయాలి. పేషెంట్ల పేర్లుండవు, తేదీ, నా అంచనా, అంతే. చదవడానికి తేలిగ్గా ఉంది గానీ మొదటి వారం ఒక్క లైనూ పడలేదు. పెన్ను పట్టుకుంటే ‘ఇన్ఫార్మ్‌డ్’ అనే వస్తుంది.

ఫోన్లో అంచనా చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు రెండు రకాలుగా తేలారు. ఒకాయన, “సిస్టర్, రీడింగ్ చెప్పు చాలు, డయాగ్నసిస్ నేను చేస్త” అన్నాడు. ఇంకొకాయన, “నువ్వు డాక్టర్‌వా, నేనా?” అని నేరుగానే అడిగాడు. వనపర్తి నుంచి వచ్చిన ఒక చిన్న డాక్టర్ మాత్రం, “ఎందుకట్ల అనుకుంటున్నవ్?” అని అడిగేవాడు. ఆయన నైట్ డ్యూటీలున్న నెలలో నేర్చుకున్నంత ఏబీజీ నేను నాలుగేళ్ల బీఎస్సీలో నేర్చుకోలేదు.

ఏడాదిలో 61 లైన్లు పడ్డాయి. 23 తప్పు. అందులో ఒకటి ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. రాత్రి ఆర్టీరియల్ లైన్ (ధమనిలో సన్న గొట్టం పెట్టి బీపీని ఎడతెగకుండా చూసే ఏర్పాటు) మీద ఒక పేషెంటు బీపీ ఉన్నట్టుండి పడింది. ఆపరేషన్ అయిన కేసు, లోపల రక్తం పోతోందని రాసుకుని, అదే గొంతుతో ఫోన్ చేసి సార్‌ను నిద్ర లేపాను. ఆయన వచ్చి ఒక చూపు చూసి, స్టాండ్‌కి ఉన్న ట్రాన్స్‌డ్యూసర్‌ను, అంటే ఆ లైన్‌లో ఒత్తిడి కొలిచే పరికరాన్ని, జానెడు కిందికి దించాడు. బీపీ లేచి కూర్చుంది. పక్క మార్చడానికి మేమే మంచం దించాం, ట్రాన్స్‌డ్యూసర్ పైనే ఉండిపోయింది. గుండెకన్నా అది పైనుంటే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. పేషెంటు చేతికి కఫ్ కట్టి ఒక్కసారి చూసినా తెలిసేది. ఆ రాత్రి ఎవరూ ఏమనలేదు. అది ఇంకా ఘోరం.

2024లో మళ్లీ రాతపరీక్ష, మళ్లీ బొమ్మ. ఈసారి బొమ్మతో సిగ్గు లేకుండా మాట్లాడాను. బాండు అయిపోయింది కాబట్టి ఒరిజినల్స్ నా బ్యాగులోనే ఉన్నాయి. బల్ల అవతల మేడం ఆమే, డాక్టర్ కొత్తాయన. మేడం నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. మీ వల్ల జరిగిన తప్పు ఒకటి చెప్పండి అంది.

ట్రాన్స్‌డ్యూసర్ సంగతి చెప్పాను. ఏమనుకున్నానో, ఎందుకనుకున్నానో, ఏం చూసి ఉండాల్సిందో. మధ్యలో రెండుసార్లు ఇంగ్లిష్ తడబడి ‘వన్ మినిట్ మేడం’ అన్నాను. డాక్టర్, అయితే ఇప్పుడు బీపీ పడితే మొదట మిషన్‌ను అనుమానిస్తారా, పేషెంటునా? అన్నాడు. పేషెంటునే సార్, చెయ్యి నాడి మీద పెట్టి, ఇంకో చేత్తో ట్రాన్స్‌డ్యూసర్ చూస్తాను అన్నాను. నవ్వాడు. మీరు చెప్పింది డాక్టర్ కొట్టిపారేస్తే అని పాత ప్రశ్నే ఇంకో రూపంలో వచ్చింది. ఈసారి ఏడో బెడ్ కథ చెప్పాను, తొమ్మిదీ ఏడూతో సహా. ఏబీజీ అడుగుతాను, ట్యూబు ట్రే బెడ్ దగ్గర రెడీ పెడతాను, పదిహేను నిమిషాలకోసారి లెక్క పెట్టిస్తాను, తగ్గుతుంటే మళ్లీ ఫోన్ చేస్తాను, అయినా రాకపోతే పై డాక్టర్‌కి చేస్తాను అన్నాను. తిట్లు పడతాయేమో అన్నాడు. పడతాయి సార్ అన్నాను.

వెయిటింగ్ లిస్టు, మూడో నంబర్. ఆ నెలన్నర గురించి రాయడానికేం లేదు. ఫోన్ ఛార్జింగ్ యాభై కిందికి పోనీయలేదు, అంతే. కాల్ వచ్చినప్పుడు నైట్ డ్యూటీ దిగి పడుకుని ఉన్నాను. రెండు రోజుల్లో ఫీజుతో, ఒరిజినల్స్‌తో రావాలి. ఆసుపత్రిలో నెల నోటీసు అన్నారు. ఒక నెల జీతం వదులుకుని బయటపడ్డాను. కాళోజీ యూనివర్సిటీ మైగ్రేషన్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోవడం నా జన్మలో చేసిన తెలివైన పని. వేరే రాష్ట్రం పోయేవాళ్లు లిస్టు వచ్చేదాకా ఆగకండి. అక్కడి యూనివర్సిటీ ఎలిజిబిలిటీ, అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అంటూ దాని వెనక ఇంకా చాలా కాగితాలున్నాయి.

అమ్మ జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టి, “ఇంతకీ రెండేండ్లు ఎందుకో చెప్పకపోతివి” అంది. బస్సు వచ్చేలోపు ఏడో బెడ్ సంగతి చెప్పాను. అంతా విని, “గది నువ్వే కనుక్కున్నవు గద, మరి డాక్టరు పేరెందుకు జెప్తవు?” అంది.

ఇప్పుడు బెంగళూరు ఐసీయూలో ఉన్నాను. ఇక్కడ పేషెంట్లు కన్నడ, తమిళం, హిందీ. నాకు కన్నడలో కాఫీ అడగడం ఇంకా సరిగ్గా రాదు. అంకెలు మాత్రం వచ్చిన వారంలోనే నేర్చుకున్నాను, ఒందు నుంచి నలవత్తు దాకా.